ఎత్తైన చోట నేలమీది పని
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము. చదువు మెట్రిక్యులేషన్ వరకే. విమానాల సంగతి మీకెందుకని ఎవరైనా అడగవచ్చు. బరువులు రాసుకునే ఉద్యోగం మాది. ఈనాటి విషయం కూడా బరువును గురించినదే కనుక సాహసించాము.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ అనే పాత గనుల ఊరు ఉన్నది. అక్కడి విమానాశ్రయం సముద్రమట్టానికి 9,934 అడుగుల ఎత్తున ఉన్నది. ఉత్తర అమెరికాలో అందరికీ తెరచి ఉన్న విమానాశ్రయాలలో ఇదే అన్నిటికంటె ఎత్తైనది. సొంత విమానాలవారు అక్కడ దిగుతారు. హెలికాప్టర్లు తయారుచేసే కంపెనీలు తమ యంత్రాల సత్తా చూచుకోవడానికి వస్తాయి. ఇలా వచ్చేవారికి ఇంధనం పోసి, విమానాన్ని నిలిపి కట్టి, కావలసినవి అమర్చిపెట్టేవారిని ఆ దేశంలో ‘ఫిక్స్‌డ్ బేస్ ఆపరేటర్’ అంటారు. పూర్వం విమానాలతో ఊరూరా తిరిగి పొట్టపోసుకున్నవారు, 1926లో విమానయాన చట్టం వచ్చిన తరువాత ఒకచోట స్థిరపడ్డారట. అందువల్ల ఆ పేరు. పుట్టిన ఊరు విడిచి మరొకచోట వేళ్లూనుకున్న మనకు ఈ మాట తెలియడం కష్టం కాదు.

అంత ఎత్తున గాలి పలుచన. సముద్రతీరంలోని గాలి సాంద్రతలో సుమారు ముప్పాతిక వంతే. రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. ఎండ కాసి 25 డిగ్రీలకు వేడెక్కిందా, విమానం 13,000 అడుగులకు పైన ఉన్నట్టే నడుస్తుంది. లేవడానికి కావలసిన పరుగు పెరుగుతుంది. రన్‌వే పొడవు మాత్రం పెరగదు.

కర్జత్ నుంచి లోనావళాకు భోర్ ఘాట్ ఎక్కే బండ్లకు వెనుక బ్యాంకర్ ఇంజన్లు తగిలించడం మనలో చాలామంది చూచినదే. విమానాన్ని వెనుకనుంచి నెట్టేవారు లేరు. బరువైనా తగ్గించుకోవాలి, తెల్లవారి చల్లని వేళ వరకైనా ఆగాలి.

నేలమీది మనిషి విలువ ఇక్కడే తెలుస్తుంది. లీటరు జెట్ ఇంధనం సుమారు 800 గ్రాములు తూగుతుంది. చెప్పినదానికంటె 100 లీటర్లు ఎక్కువ పోస్తే, పిలవని ప్రయాణికుడొకడు ఎక్కి కూర్చున్నట్టే. పోసేముందు విమానానికీ ఇంధనపు బండికీ తీగ తగిలించాలి. లేకుంటే నిప్పురవ్వ పుట్టవచ్చు. ఇంధనం అడుగున నీరు చేరిందేమో కొద్దిగా వంపి చూడాలి. రెక్కమీద పలుచని మంచుపొర సైతం ప్రమాదమే; వేడిచేసిన గ్లైకాల్ ద్రవం చల్లి దానిని వదిలించాలి. ప్రాణవాయువు సీసాలు నింపేవాని చేతికి నూనె జిడ్డు ఉండరాదు, భగ్గుమని అంటుకోగలదు. ఇందులో ఏ ఒక్కటీ పత్రికలకెక్కే పని కాదు. ఏ ఒక్కటి తప్పినా ప్రాణాలమీదికి వస్తుంది.

అదే రాష్ట్రంలో 7,800 అడుగులకు పైన ఆస్పెన్ విమానాశ్రయం ఉన్నది. ధనికుల జెట్ విమానాల రాకపోకలు అక్కడ ఎక్కువ. 2001 మార్చి 29వ తేదీ సాయంత్రం, అద్దెకు తీసుకున్న జెట్ విమానమొకటి అక్కడ దిగబోయి కూలి, 18 మంది మరణించారు. రన్‌వే కనబడకుండానే హద్దు దాటి కిందికి దిగారని విచారణలో తేలింది. దిగితీరాలని అద్దెదారు వైపునుంచి కెప్టెనుపై వచ్చిన ఒత్తిడిని కూడా, తోడైన కారణాలలో చేర్చారు. అది ఇంధనం పోసేవారివల్ల జరిగినది కాదు. అయినా నేలమీద పనిచేసే మనవంటివారందరికీ అందులో పాఠం ఉన్నది. డబ్బిచ్చినవాని తొందర కొండకు తెలియదు.

మన పిల్లలు విమానం నడపాలని కోరితే సంతోషమే. కాని గొట్టం పట్టి ఇంధనం పోసే పని, పాయింట్లు వేసే పని, బరువు చీటీ రాసే పని చిన్నవని మాత్రం వారికి చెప్పవద్దు. ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా, “ఇంతకుమించి బరువు వేయరాదండీ” అని మర్యాదగా చెప్పి నిలబడగల గుండె ఆ పనికి కావాలి. ఆ గుండెను ఇవ్వవలసినది బడి కాదు, ఇల్లు.