నీలాపనింద: ఇంట కట్టిన ఆటలు, యంత్రపు కావలి
(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



పలకలకు పేరెన్నికగన్న మార్కాపురపు సీమలో, పిల్లలు అరుగుబండలపై గీతలు గీచి పులిజూదము ఆడుట పెద్దలెఱిగినదే. నేడు ఆ ఆటనే కంప్యూటరునకు నేర్పు పిల్లలు పల్లెలలోను పుట్టుచున్నారు. ఒక బాలుడు పగలు కళాశాలకు పోయి, రాత్రులు మేల్కొని, మూడు నెలలు శ్రమించి పులిజూదము నొక ప్రోగ్రాముగా వ్రాసెననుకొందము. దానిని పెన్‌డ్రైవులో పెట్టి గిద్దలూరిలోని మిత్రునకిచ్చెను. మిత్రుడు తెఱచినంతనే యాంటీవైరస్ ‘ఇది హానికరము’ అని ఎఱ్ఱని హెచ్చరిక చూపి, ఫైలును మాయము చేసెను. ఆట పోయినది, దానికంటె పెద్ద నష్టము, మిత్రుని నమ్మకము పోయినది. యంత్రము తప్పు చెప్పునా యని లోకము యంత్రము పక్షమే వహించును. చేయని నేరమునకు వచ్చిన ఇట్టి నిందను ఆంగ్లమున ‘ఫాల్స్ పాజిటివ్’ అందురు. తెలుగున నీలాపనింద యనుట తగియున్నది.

కావలివాడు ఎట్లు విచారించునో తెలిసినచో, నింద ఎట్లు వచ్చునో తెలియును. యాంటీవైరస్ మూడు విధముల పరీక్షించును. మొదటిది ఆనవాలు: మునుపు పట్టుబడిన దుష్టప్రోగ్రాములలోని గుర్తులను జాబితాగా ఉంచుకొని, క్రొత్త ఫైలులో అవి కలవేమో వెదకును. రెండవది నడవడి: తన్ను తాను విప్పుకొనుట, తాత్కాలిక స్థలమున ఫైళ్లు వ్రాయుట, ఇతర ప్రోగ్రాములను లేపుట వంటి పనులు చూచి అనుమానించును. మూడవది పరిచయము: ఈ ఫైలును ఎందఱు దింపుకొనిరి, ఎవరి సంతకము కలదు అని విచారించును. విండోసులోని స్మార్ట్‌స్క్రీన్ ముఖ్యముగా ఈ మూడవ పని చేయును. అది ‘గుర్తింపు లేని ప్రోగ్రాము’ అన్నచో, ‘ఇతడు దొంగ’ అని అర్థము కాదు. ‘ఇతనిని ఎఱుగను’ అని మాత్రమే అర్థము. ఈ రెంటి భేదమును చాలమంది గుర్తింపరు.

ఇంట కట్టిన ఆట ఈ మూడింటను చిక్కుకొనును. పైథాన్ భాషలో వ్రాసిన ఆటను పైఇన్‌స్టాలర్ అను పనిముట్టుతో ఒకే ఫైలుగా మూటగట్టుదురు. తెఱచినపుడు లోపలి సరంజామా తాత్కాలిక స్థలమున విప్పబడి, పిమ్మట ఆట నడచును. ఆ మూటవిప్పు భాగమును సిద్ధముగా తెచ్చుకొన్నవారందఱికి అది ఒక్కటే. దొంగలును దానినే వాడుదురు. దొంగమూట గుడ్డను గుర్తుపెట్టుకొన్న కావలివాడు, అదే గుడ్డ కట్టిన మంచివానినిగూడ పట్టుకొనును. యూపీఎక్స్ అను సాధనముతో ఫైలును కుదించినచో అనుమానము ఇంకను హెచ్చును. ఇక పరిచయమా, పదిమంది ఆడు ఆటకు పేరెక్కడిది? ఒక్క అక్షరము దిద్ది మరల కట్టినచో ఫైలు వ్రేలిముద్ర మారును. సంతకము లేనిచో గడించిన కొద్ది పేరును పోవును.

పెద్దలకును ఈ బాధ తప్పలేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ పంపిన జాబితా, విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అను మూలఫైలునే వైరసని భ్రమించగా, లోకమున వేలకొలది కంప్యూటర్లు నిలిచిపోయినవి.

అట్లని కావలివానిని తరిమివేయరాదు. 2025 ఫిబ్రవరిలో స్టీమ్ అను ప్రసిద్ధమైన ఆటల అంగడిలో, పైరేట్‌ఫై అను ఆట ఆడువారి రహస్యములను దొంగిలించునదని తేలగా దానిని తొలగించిరి. ఆట వేషమున దొంగ వచ్చుట సత్యమే. ‘యాంటీవైరస్ ఆపి ఆడుకొనుము’ అని దొంగయు చెప్పును. సజ్జనుడును ఆ మాటయే పలికినచో ఇద్దఱిని వేఱుపఱచుట ఎట్లు?

శ్యమంతకోపాఖ్యానము దీనికి దారి చూపును. మణిని ఒకప్పుడు అడిగినవాడగుటచే, ప్రసేనుని చంపినది కృష్ణుడేయని సత్రాజిత్తు అనుమానించెను. కృష్ణుడు కోపింపలేదు, నమ్ముడని ప్రాధేయపడనులేదు. పురజనులను వెంటబెట్టుకొని అడుగుజాడలు వెదకి, మణిని తెచ్చి, సభలో జరిగినది తెలిపి సత్రాజిత్తునకిచ్చెను. సాక్షులు, జాడలు, బహిరంగ విచారణ: నింద తొలగు మార్గమిది.

ఆట వ్రాసినవాడును అట్లే చేయవలెను. పంపుటకు ముందే వైరస్‌టోటల్‌లో పరీక్షింపవలెను. 2004లో స్పెయిన్‌లో పుట్టి, 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఆ కొలువులో డెబ్బదికి మించిన యాంటీవైరసులు ఒకే ఫైలును చూచును. ఒకటి రెండు మాత్రమే అనుమానము తెలిపినచో అపనింద కావచ్చును. అనేకములు ఒకే పేరు చెప్పినచో ముందు తన కంప్యూటరునే శోధించుకొనవలెను. నింద మోపిన సంస్థకు ఫైలును పంపి పునర్విచారణ కోరవచ్చును. మైక్రోసాఫ్ట్ ఇట్టి విన్నపములను రుసుము లేకయే స్వీకరించును. ఒకే ఫైలుగా కాక సంచిగా కట్టుట, కుదింపు మానుట, మూటవిప్పు భాగమును తన యంత్రముననే క్రొత్తగా తయారుచేసికొనుట, మూలపాఠమును వెంట ఇచ్చుట మేలు. అన్నిటికంటె సులువు, ఆటను బ్రౌజరులో ఆడునట్లు వ్రాయుట. అప్పుడు ప్రోగ్రాము ఫైలును దింపుకొను అవసరమే ఉండదు.

సంతకము కొనుట మఱియొక మార్గము. దానికి సొమ్ము కావలెను. 2023 జూన్ నుండి దాని తాళపుచెవిని ప్రత్యేక పరికరమున భద్రపఱుపవలెనను నియమమును కలదు. పల్లె విద్యార్థికది భారము. పైగా సంతకము గుణమునకు హామీ కాదు. ముద్రారాక్షసమున రాక్షసుని ఉంగరము చాణక్యుని చేజిక్కగా, ఆ ముద్ర వేసిన లేఖను నమ్మి మలయకేతువు నిర్దోషియైన మంత్రిని వెడలగొట్టెను. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరసు రియల్‌టెక్, జేమైక్రాన్ సంస్థల దొంగిలింపబడిన సంతకములతోనే వచ్చినది.

ఇందు గ్రంథాలయము చేయగల పని కలదు. ఊరి పిల్లల ఆటల అసలు ప్రతులను ఒకచోట భద్రపఱచి, ప్రతిదాని వ్రేలిముద్రను, అనగా షా-256 అను లెక్కచే వచ్చు 64 అక్షరములను, పలకపై వ్రాసి గోడకు తగిలింపవచ్చును. విండోసులోని సర్ట్‌యుటిల్ అను సాధనముతో ఎవరైనను తమ ప్రతిని లెక్కగట్టి పోల్చుకొనవచ్చును. పద్దులో ఒక దమ్మిడీ మారిన మొత్తము మారునట్లు, ఫైలులో ఒక అక్షరము మారిన ఈ లెక్క అంతయు మారును. సరిపోయినచో ప్రతి మార్పులేనిదని తెలియును, మంచిదని తెలియదు. మంచిదని చెప్పవలసినది మూలపాఠము చదివిన మనుష్యులే.

చదివి తీర్పు చెప్పుటయే ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నేర్పిన విద్య. ఎఱ్ఱని హెచ్చరిక కనబడినపుడు, మిత్రుడు పిల్లవానిని దొంగయనక ముందు ‘ఇదేమి?’ అని అడుగుగాక. పిల్లవాడు అలుగక జాడలు చూపుగాక. గ్రంథాలయము వర్ధిల్లుగాక. స్వస్తి.