బొమ్మ తుపాకిలోని బ్యాటరీ – ఇంటివారి కావలి

(మూకండపల్లిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను మాటలాడబోవు విషయమును విని పెద్దలు కొందరు చిరునవ్వు నవ్వియుండవచ్చును. బొమ్మ తుపాకులకును మన సంఘమునకును సంబంధమేమి యని వారి సందేహము. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రిగారి అంగడిలో కూర్చుండి, ఇరువది యేండ్లకు పైగా ఆటవస్తువులును విద్యుత్ సామానులును అమ్ముకొని బ్రదుకుచున్నవాడను. అట్టి నా అంగడినుండి వెడలిన ఒక చిన్న వస్తువు వలన మా అన్నగారి ఇంట నిప్పు పుట్టినది. ఆ నిప్పు నేర్పిన పాఠమును మీ ముందుంచుట నా విధి యని తలంచి నిలుచుంటిని.

మన పిల్లలలో కొందరు సెలవు దినములందు ఎయిర్‌సాఫ్ట్ అను ఆట ఆడుచున్నారు. అందులోని తుపాకి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లను విసరును. లోపల చిన్న మోటారు తిరిగి పండ్ల చక్రములను త్రిప్పగా, స్ప్రింగు వెనుకకు లాగబడి విడువబడును. ఆ ఊపున గాలి గుండును ముందుకు తోయును. కంటికి అద్దములు లేక ఆ ఆట ఆడరాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మోటారునకు క్షణములో హెచ్చు విద్యుత్తు కావలెను. తేలికగా నుండి అంతటి విద్యుత్తు నిచ్చునది గనుక లిథియం పాలిమర్ బ్యాటరీని వాడుచున్నారు. ఎగిరెడి డ్రోనులలోను, దూరమునుండి నడపెడి బొమ్మ కారులలోను ఉండునది ఇదియే. మన చేతిలోని ఫోనులందును, విద్యుత్ స్కూటరులందును ఉండునవి దీని జాతివే.

ఇక మా ఇంటి సంగతి. రెండేండ్ల క్రిందట మా అన్నగారి కుమారుడు అట్టి తుపాకి నొకటి తెచ్చుకొనెను. దాని ఛార్జరు చెడిపోగా నా యొద్దకు వచ్చి, "చిన్నాయనా, దీనికి సరిపోవు ఛార్జరు ఉన్నదా?" అని యడిగెను. నా యొద్ద పాతకాలపు నికెల్ బ్యాటరీల ఛార్జరు కలదు. ప్లగ్గు పెట్టి చూచితిని; చక్కగా పట్టినది. "పట్టినది గదా, పనికివచ్చును, తీసికొనిపొమ్ము" అంటిని. డబ్బు కూడ పుచ్చుకొనలేదు. ఆ రాత్రి అతడు బ్యాటరీని చెక్క బీరువాపై ఛార్జింగునకు పెట్టి నిద్రపోయెను. తెల్లవారుజామున మా వదినగారికి ఘాటైన వాసన తగిలి మెలకువ వచ్చెను. లేచి చూచునప్పటికి బ్యాటరీ బూరెవలె ఉబ్బి, చీలి, మంట క్రక్కుచుండెను. బీరువాలో సగము కాలినది. పిల్లవాని చేయి కమిలినది. ప్రాణములకు హాని కలుగలేదు. అందరును దైవము కాపాడినదనిరి. నిజమే. కాని తప్పు చేసినవాడను నేను. ప్లగ్గు పట్టుట వేరు, ఛార్జరు సరిపోవుట వేరు అను తెలివి నాకు లేకపోయినది.

తరువాత తెలిసినవారి నడిగి, చదివి, కొంత గ్రహించితిని. ఈ బ్యాటరీకి ఇనుప డబ్బా లేదు. పలుచని అల్యూమినియపు రేకు కలిసిన ప్లాస్టిక్ సంచియే దాని దేహము. అందు ధనధ్రువపు పొరయు, ఋణధ్రువపు పొరయు ఉండును. వాని నడుమ కాగితము కంటెను పలుచనైన తెర యొకటి ఉండును. వానిని తడుపు ద్రవము మండు స్వభావము గలది. ఆ తెర చినిగినను, మితిమీరి వేడెక్కినను, రెండు ధ్రువములు కలిసి మరింత వేడి పుట్టును. ఆ వేడిమికి లోపలి పదార్థములు విడిపోయి ఇంకను వేడిని పెంచును. ఒకసారి మొదలయినచో ఆపుట కష్టము.

ఒక్కొక్క సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. అంతకు మించి నింపరాదు. 3 వోల్టులకు దిగువగా ఖాళీ చేయరాదు. రెండు సెల్లుల బ్యాటరీపై 7.4 అనియు, మూడు సెల్లుల దానిపై 11.1 అనియు అచ్చు వేసియుండును. నేనిచ్చిన నికెల్ ఛార్జరునకు ఎచ్చట ఆగవలెనో తెలియదు. కుండ నిండిన పిదప కూడ నీరు పోయుచున్నట్లే అది రాత్రియంతయు విద్యుత్తును పోయుచుండెను.

ముఖ్యమైన మాట యొకటి చెప్పెదను. మన హోసూరులోను, పోచంపల్లిలోను విద్యుత్ స్కూటరులు తయారగుచున్నవి. మన పిల్లలు అట్టి కర్మాగారములలో పని చేయుచున్నారు. ఆ స్కూటరు బ్యాటరీలో ప్రతి సెల్లును కనిపెట్టి, హద్దు మీరినచో ఆపివేయు ఎలక్ట్రానిక్ కావలి కలదు. 2022 డిసెంబరు నుండి కేంద్ర ప్రభుత్వము వాని పరీక్షలను కఠినతరము గావించెను. బొమ్మ తుపాకి బ్యాటరీలో సామాన్యముగా అట్టి కావలి లేదు. దానికి కావలివారము మనమే. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన జాగ్రత్తలన్నియు దానంతటవే తోచును.

ఆ జాగ్రత్తలలో మొదటిది ఛార్జరు. లిథియం పాలిమర్‌కని వ్రాసియున్న, సెల్లులను సమముగా నింపు ఛార్జరునే వాడవలెను. బ్యాటరీకి లావు తీగలు గాక తెల్లని చిన్న ప్లగ్గు వేరుగ ఉండును. రెండు సెల్లులకు మూడు సన్న తీగలు, మూడు సెల్లులకు నాలుగు. దానిని కూడ ఛార్జరునకు తగిలించినప్పుడే ఏ సెల్లు ఎంత నిండినదో తెలియును. 1300 మిల్లీఆంపియర్ గంటల బ్యాటరీకి 1.3 ఆంపియర్ల విద్యుత్తు చాలును. తొందరపడి హెచ్చింపరాదు.

రెండవది స్థలమును, కాలమును. చాపమీద, పరుపుమీద, బీరువామీద ఛార్జింగు పెట్టరాదు. బండపైనను, ఇటుకలపైనను, తలుపునకు అడ్డము గాని చోట పెట్టవలెను. ఇంటివారు మేలుకొనియున్న వేళనే, కంటి యెదుటనే పెట్టవలెను. 2022 ఏప్రిలులో నిజామాబాదులోను, విజయవాడలోను స్కూటరు బ్యాటరీలను ఇంటిలో ఛార్జింగు పెట్టి నిద్రించిన కుటుంబములలో మరణములు సంభవించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 12న సికిందరాబాదులో విద్యుత్ స్కూటరుల అంగడిలో పుట్టిన మంటల పొగ పై అంతస్తుల హోటలును క్రమ్ముకొనగా 8 మంది మరణించిరి. అవి పెద్ద బ్యాటరీలు, మనది చిన్నది, నిజమే. కాని నిద్రించు ఇంటికి చిన్న నిప్పును చాలును.

మూడవది వాడుక. తుపాకి వేగము తగ్గినంతనే ఆట చాలించవలెను. ఇంకను నొక్కుచున్నచో సెల్లు లోలోపల చెడును. ఆట ముగిసిన పిదప బ్యాటరీని తుపాకినుండి తీసివేయవలెను. ఇరుకు చోటున తీగలు నలిగి పైతొడుగు తెగకుండ చూచుకొనవలెను. పలుదినములు వాడనిచో సెల్లునకు 3.8 వోల్టుల వద్ద నిలిపి, చల్లని చోట దాచవలెను. వేసవిలో మూసిన కారులో విడిచిపెట్టరాదు. విమానములో పోవువారు విడి బ్యాటరీలను పెట్టెలో సాగనంపక, కొనలు కప్పి, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.

నాలుగవది ఉబ్బిన బ్యాటరీ. అది మనకు ముందుగా ఇచ్చు హెచ్చరిక. దానిని నొక్కరాదు, సూదితో పొడువరాదు, తిరిగి ఛార్జింగు పెట్టరాదు. ఇంటి వెలుపల ఇసుక పోసిన లోహపు పాత్రలో ఉంచి, పాత బ్యాటరీలను తీసికొను చోట అప్పగించవలెను. చెత్తబుట్టలో వేసినచో పారిశుద్ధ్య కార్మికుల బండిలో నిప్పు పుట్టవచ్చును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులపై కలదు.

లిథియం మంటపై నీరు పోయరాదని కొందరందురు. ఈ బ్యాటరీలలో ఉండునది లిథియం లోహము గాదు. మొదట గోడ స్విచ్చి ఆపివేసి, దూరమునుండి నీరు ధారాళముగ పోసిన వేడి తగ్గును. కాని పొగ విషము, పీల్చరాదు. మంట చేయి దాటినచో పిల్లలను వెలుపలికి తెచ్చి, 101కు గాని 112కు గాని ఫోను చేయవలెను. బీరువా పోయిన మరల కొనవచ్చును.

2023 అక్టోబరు 7న మన ప్రక్కనున్న అత్తిబెలెలో బాణసంచా గిడ్డంగి కాలిన ఘోరమును మనము మరువలేదు. బాణసంచాను చూచి మనము భయపడుదుము, దూరముగా ఉంచుదుము. బ్యాటరీని చూచి భయపడము. దానిని దిండు క్రిందనే పెట్టుకొందుము.

తోటి వర్తకులకు ఒక మనవి. పెట్టెలపై హెచ్చరికలు ఇంగ్లీషులోను, చీనా భాషలోను ఉండును. ఇంటిలో ప్లగ్గు పెట్టునది తల్లి, అవ్వ. వారు వానిని చదువలేరు. అందుచేత అమ్మునప్పుడే రెండు మాటలు నోటితో చెప్పుడు. నా అంగడిలో ఇప్పుడు బ్యాటరీని చూపనిదే ఛార్జరు ఇచ్చుట లేదు. కొన్ని బేరములు పోయినవి. పోనిండు. మా అన్నగారి కుమారుని చేతిపైని మచ్చను చూచినప్పుడెల్ల ఆ నష్టము నష్టముగా తోచదు.

తల్లులారా, ఈ రాత్రి పండుకొనుటకు ముందు ఇంటిలో ఏయే ప్లగ్గులు పెట్టియున్నవో ఒకసారి చూడుడు. యువజనులారా, ఆడుకొనుడు, మీ బ్యాటరీకి మీరే కావలి యుండుడు.