రెండవ పట్టమునకు దారి చూపువారు



చదువు ముగిసినదని ఎంచబడినవాడు మరల విద్యార్థియగుట మన దేశమునకు క్రొత్త సంగతి కాదు. ఛాందోగ్యోపనిషత్తునందు నారదుడు సనత్కుమారుని కడకేగి తనకు బోధింపుమని ప్రార్థించెను. సనత్కుమారుడు వెంటనే పాఠము మొదలిడలేదు. నీకు తెలిసినదేదో ముందుగా చెప్పుము, దానికి పైది నేను చెప్పెదననెను. అంతట నారదుడు వేదములు మొదలుకొని గణితము, తర్కము, నక్షత్రవిద్య, సర్పవిద్య వరకును తాను చదివినవన్నియు ఏకరువు పెట్టి, ఇన్ని చదివియు తన దుఃఖము తీరలేదని చెప్పుకొనెను. బోధ అటుపిమ్మట ఆరంభమైనది.

రెండవ పట్టమునకు బోవు విద్యార్థికి సలహా చెప్పువాడు మొట్టమొదట చేయదగినదియు ఇదియే. మొదటిసారి కళాశాలలో చేరు కుఱ్ఱవాని సంగతి వేఱు. వానికి వెనుక చూచుకొనవలసినది స్వల్పము, ముందు కాలము విస్తారము. రెండవసారి వచ్చువానికి మూడేండ్లో నాలుగేండ్లో చదివిన చదువున్నది. వయస్సు సాగుచున్నది. తఱచుగా ఆలుబిడ్డలును ఉందురు. అతని పాత చదువులో క్రొత్త చోట చెల్లునదెంత, చెల్లనిదెంత అని తేల్చకుండ సలహా చెప్పుట, వెనుకటి నిల్వ ఎక్కింపక చిట్టా వ్రాయుటవంటిది. అమెరికా విశ్వవిద్యాలయములలో ఈ పనికే ప్రత్యేకోద్యోగులుందురు. మన కళాశాలలలో ఇది ఎవరికి తీరికయున్న వారి పనిగా మిగిలిపోయినది.

మంచి సలహా యెట్టిదో తెలియుటకు గ్రంథాలయ ప్రియులు దూరము పోనక్కరలేదు. ఎస్. ఆర్. రంగనాథన్ గారు గణితమున ఎం.ఏ. చదివి, ఉపాధ్యాయ శిక్షణమున ఎల్.టి. పొంది, మంగళూరునందును కోయంబత్తూరునందును, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలయందును గణితము బోధించిరి. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయాధికారిగా నియమింపబడిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో గాని యేర్పడలేదు గనుక, కోస్తా రాయలసీమల కళాశాలలు నాడు ఆ విశ్వవిద్యాలయము క్రిందివే. విద్యార్థుల నడుమ మెలగుటకు అలవాటుపడిన వారికి ఆ ఒంటరి కొలువు ఎంతమాత్రము రుచింపలేదు. కొలది దినములకే, మరల కళాశాలకు రానిండని ప్రిన్సిపాలును వేడుకొనిరి.

అప్పుడు కుదిరిన ఒడంబడిక గమనింపదగినది. రంగనాథన్ గారు లండనునకు పోయి గ్రంథాలయశాస్త్రము చదివి రావలయును. వచ్చిన పిదప కూడ మనసు కుదరనియెడల వారి గణితోపాధ్యాయ పదవి వారికి దక్కును. నచ్చినను నచ్చకున్నను చేయవలసినదేయని గద్దింపనూ లేదు, నీ యిష్టమని వదలివేయనూ లేదు. ముందుకు పోవుటకు ఒక గడువు, వెనుకకు వచ్చుటకు ఒక తలుపు, రెండును ఏర్పఱచిరి. ముప్పదియవ పడిలోనున్న సంసారికి ఆ తలుపు తెఱచియున్నదను ధైర్యమెంత మేలో, మధ్యవయస్సున పుస్తకము పట్టినవారికే తెలియును.

లండను యూనివర్సిటీ కాలేజీలో వారికి రెండవ మార్గదర్శి దొరకెను. ఆయన క్రాయిడను పురమునందు ప్రధాన గ్రంథాలయాధికారియగు బెర్విక్ సేయర్స్. తరగతి పాఠముతో తృప్తిపడక గ్రంథాలయములను కన్నులార చూచుటకు ఆయన తోడ్పడెను. రంగనాథన్ గారు నూఱింటికి పైగా గ్రంథాలయములు తిరిగి చూచిరి. గ్రంథముల వర్గీకరణమునందు వారి బుద్ధి నాటుకొన్నదన్నచో అది పాత గణితవిద్య చలువయే. పరిమితమైన ముక్కలతో పెక్కు బొమ్మలు కట్టు మెకానో అను ఆటవస్తువును లండను అంగడిలో చూచి, పుస్తకముల విషయములను కూడ అట్లే ముక్కలుగా విడదీసి కూర్పవచ్చునని తలపోసిరి. ఆ తలపే 1933లో కోలన్ వర్గీకరణముగా ప్రకటితమైనది. 1925లో మద్రాసునకు మరలివచ్చినవారు గణితోపాధ్యాయ పదవి మాట మరల ఎత్తలేదు. దాదాపు ఇరువదేండ్లు ఆ గ్రంథాలయమునందే పనిచేసిరి.

అన్ని రెండవ చదువులును ఇట్లు ఫలింపవు. కచుడు బృహస్పతి కుమారుడయ్యును శుక్రాచార్యుని కొలిచి మృతసంజీవని నేర్చెను. దేవయాని శాపముచే ఆ విద్య అతనికి పనిచేయకపోయెను. నేటి పట్టభద్రునకు శాపమక్కఱలేదు, చదువని ఒక్క నిబంధన చాలును.

ఉపకారవేతనము మాట చూడుడు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కేంద్రప్రభుత్వమిచ్చు పోస్టుమెట్రిక్ ఉపకారవేతనపు నియమములలో, బి.కాం. ముగించి మరల బి.ఏ. చదువువానికి, అనగా అదే మెట్టుపై మఱొక విషయము చదువువానికి, వేతనము లేదని వ్రాయబడియున్నది. ఈ ముక్క తెలియక చేరి, రెండవ యేట రుసుము కట్టలేక మానుకొనుట ఆ కుటుంబమునకు ఎంతటి దెబ్బ! పైగా కొన్ని విశ్వవిద్యాలయములలో ఎం.ఏ. యందలి కొన్ని శాఖలకు ఏ పట్టభద్రుడైనను ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును. అట్టి చోట రెండవ బి.ఏ. యేల?

2022 ఏప్రిలులో విశ్వవిద్యాలయముల నిధుల సంఘము ఒకేసారి రెండు పట్టములకు చదువుట కంగీకరించెను. రెండును కళాశాలకు పోయి చదువునవైనచో తరగతుల వేళలు ఢీకొనరాదు. ఒకటి కళాశాలలోను ఒకటి దూరవిద్యగాను, లేదా రెండును దూరవిద్యగాను చదువవచ్చును. పిహెచ్.డి.కి ఇది వర్తింపదు. ఈ వార్త పత్రికలలో చదివి, న్యాయశాస్త్రముతో పాటు మఱొక కళాశాలలో ఎం.ఏ. చేరుదుమని ఉబలాటపడువారు కలరు. న్యాయవాదుల మండలి 2008 నాటి నియమావళి రెండు రెగ్యులరు చదువుల నొకేసారి సాగనీయదు. ఒక సంఘము తెఱచిన వాకిలిని మఱొక సంఘము మూసియుంచుట మన పరిపాలనలో వింత కాదు, కాని మూల్యము చెల్లించునది విద్యార్థి.

ఇక ఉపాధ్యాయవృత్తి. బి.ఎడ్. 2015లో రెండేండ్ల చదువుగా మాఱెను. దానికి మునుపటి పట్టమున నూటికి 50 మార్కులను సామాన్య నియమము కలదు. రిజర్వేషను గలవారికి సడలింపున్నది. ఎకరమమ్మి పిల్లను పంపదలచిన తండ్రి అడుగవలసినది కళాశాల భవనమెంత గొప్పదని కాదు. మా అమ్మాయి డిగ్రీలో చదివిన విషయములకు ఏ బోధనావిషయము లభించును, దానితో ఏ పోస్టునకు అర్హత కలుగును అని. ఈ ప్రశ్న చేరికకు ముందే పుట్టవలయును.

ఈ ప్రశ్నలు పల్లెలో ఎవరినడుగవలెను? రుసుము పుచ్చుకొను కళాశాలవారు తమ చదువు పనికిరాదని చెప్పుదురా? ఆ లాభాపేక్ష లేని చోటు ఊరిలో గ్రంథాలయమొక్కటే. ఇచ్చట పత్రికలు వచ్చును, అంతర్జాలముననున్న ప్రకటనలు చదివి చెప్పగల యువకులును కలరు. పఠనమందిరమున ఒక బీరువా అర ఖాళీచేసి, ఆయా ప్రవేశపరీక్షల నియమపుస్తకములను ఏటేట ముద్రప్రతులుగా తెప్పించి, పాతవి తీసివేసి, తేదీతో ఉంచవచ్చును. పక్కన ఒక నోటుపుస్తకము చాలును. సలహాకు వచ్చినవాడు ఇదివఱకు చదివినదేమి, కోరుచున్నదేమి, ఎన్నేండ్లు ఎంత ధనము భరింపగలడు అని మూడు పద్దులు అందు వ్రాయవలయును. మన ఊరినుండి వెళ్లి రెండవ పట్టము పొందినవారి పేరులును, వారి అంగీకారముతో, అందే చేర్చిన బాగుండును. పండుగలకు ఊరికి వచ్చినప్పుడు గంటసేపు కూర్చుండి మాటలాడుటకు వారు కాదనరు. బీరువా తాళపుచెవి ఎవరికడ నుండవలెనో కార్యవర్గమువారు ఈ మాసపు సమావేశమున నిర్ణయింతురుగాక.