మన ఊరికి నలుగురిని పిలవాలంటే

(బర్మింగ్‌హామ్‌లో జరిగిన మన వేదిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు మాట్లాడమన్నారు. పులిహోర వాసన మీకే కాదు, నాకూ తగులుతోంది. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

నేను నీటిశుద్ధి ఇంజనీరుని. పుట్టింది సూర్యాపేట దగ్గర, చదివింది విశాఖలో, ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నది ఈ ఊళ్ళో. మా వృత్తి సంఘంలో ఎనిమిది వందల మంది సభ్యులం ఉన్నాం. రెండేళ్ళకోసారి ఒక్కో దేశంలో కలుస్తాం. కొన్నేళ్ళ క్రితం ఆ సమావేశాన్ని హైదరాబాద్ తీసుకెళ్ళాలని ప్రయత్నించి ఓడిపోయాను. ఎందుకు ఓడిపోయానో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

రాజకీయ వేదిక మీద ఈ హోటళ్ళ గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ప్రభుత్వ భూమి ఎవరికి ఇవ్వాలి, ప్రజల సొమ్ము దేనిమీద పెట్టాలి, దానివల్ల బాగుపడేదెవరు అన్నవి రాజకీయ ప్రశ్నలు కాకపోతే మరేవి అవుతాయి?

మనం కూర్చున్న ఈ ఊరినే చూడండి. ఒకప్పుడు కార్లు, యంత్రాలు చేసి బతికిన ఊరు. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే నగరపాలక సంస్థ సమావేశాల మీద పందెం కాసింది. 1976లో ఎన్‌ఈసీ వచ్చింది. 1991లో ఊరి నడిబొడ్డున కన్వెన్షన్ సెంటర్, దాన్ని ఆనుకుని సింఫనీ హాలు వచ్చాయి. 1998లో జీ8 శిఖరాగ్ర సభ ఇక్కడే జరిగింది. బ్రాడ్ స్ట్రీట్ రూపం మారిపోయింది. అయితే ఆ డబ్బు బడులకు, ఇళ్ళకు పెట్టవలసిందని అప్పుడు వాదించినవాళ్ళు ఉన్నారు. ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. రెండు పక్షాల మాటలోనూ నిజం ఉందని ఈ ఊరి పన్ను కట్టేవాడిగా నాకు తెలుసు.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో హెచ్‌ఐసీసీ 2006 జనవరిలో మొదలైంది. అదే నెలలో ప్రవాసీ భారతీయ దివస్ అక్కడ జరిగింది. అదే ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2007లో అంతర్జాతీయ అంతరిక్ష సదస్సు వచ్చాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఆ డిసెంబరు మొదట్లో, ముంబై దాడులు జరిగి వారం గడవకముందే, ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం హైదరాబాద్‌లో సమావేశమైంది. 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ వచ్చింది. ఫీల్డ్స్ పతకాలను రాష్ట్రపతి చేతుల మీదుగా మన ఊళ్ళో ఇచ్చారు. వంద ఏళ్ళు దాటిన ఆ మహాసభ భారతదేశానికి రావడం అదే మొదటిసారి.

2012 నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ. సెప్టెంబరు 30న నెక్లెస్ రోడ్డు మీద తెలంగాణ సాగరహారం. మరునాడే, అక్టోబరు 1న, జీవవైవిధ్య సదస్సుకు సంబంధించిన సమావేశాలు మొదలు. ఒకవైపు ఉద్యమం, ఇంకోవైపు ప్రపంచం నలుమూలల నుంచి అతిథులు. ఆ ఊరు రెంటినీ మోసింది. ఉద్యమాలుంటే ఎవరూ రారనే మాట పూర్తిగా నిజం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. ప్రభుత్వం తానే పిలిచి జరిపే సభ వేరు, బయటి సంఘం పది ఊళ్ళు చూసి ఒకదాన్ని ఎంచుకునే సభ వేరు. విశాఖలో 2016, 2017, 2018లో భాగస్వామ్య సదస్సులు, 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సు, జీ20 బృంద సమావేశం జరిగాయి. సంతోషమే. కాని అవన్నీ ప్రభుత్వాలు నిర్ణయించుకున్నవి. 2023 పెట్టుబడిదారుల సదస్సుకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో తాత్కాలికంగా వేసిన హాళ్ళే దిక్కయ్యాయి. సభ అయ్యాక అవి విప్పేశారు. ఊరికి మిగిలిందేమిటి?

సంఘాల సభలు అలా కాదు. ఏ ఊరికి వెళ్ళాలో మూడేళ్ళు, అయిదేళ్ళు ముందే తేల్చుకుంటాయి. పోటీ పడే ఊళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ విద్యలో పేరున్న స్థానిక సంస్థ ఒకటి ఆతిథ్యానికి ఒప్పుకోవాలి. గణితవేత్తల్ని హాలు ఒక్కటే రప్పించలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు బాధ్యత భుజాన వేసుకున్నారు. సీసీఎంబీ, ఇక్రిశాట్, జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊరికి ఆ బలం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న విశాఖకూ ఉంది.

ఇప్పుడు నా ఓటమి కథ. నేను దరఖాస్తు రాశాను. చార్మినార్ ఫొటో పెట్టాను, బిర్యానీ గురించి ఒక పేరా రాశాను. మద్దతు లేఖ కోసం ఒక ప్రభుత్వ కార్యాలయానికి రాశాను. ఏ కార్యాలయమో చెప్పను, అది ఇక్కడ ముఖ్యం కాదు. పదకొండు వారాలకు జవాబు వచ్చింది. అప్పటికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. అందులో మా సంఘం పేరు కూడా తప్పే. మాతో పోటీపడిన ఊరు మాత్రం ప్రతినిధులందరికీ ఉచిత రైలు పాసు, ఏ సమస్య వచ్చినా ఫోన్ ఎత్తే మనిషి పేరు, ఆయన నంబరు ఇచ్చింది.

అయినా మమ్మల్ని ఓడించింది ఆ లేఖ ఒక్కటే కాదు. కమిటీలో లాహోర్ సభ్యుడు ఒకాయన ఉన్నారు. పెద్దమనిషి, నాకు స్నేహితుడు. "నాకు వీసా వస్తుందా తమ్ముడూ?" అని మెల్లిగా అడిగారు. ఇలాంటి సమావేశాలకు ఆయన దేశం వారికి మన కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి కావాలి. అది ఎన్నాళ్ళలో వస్తుందో నేను చెప్పలేకపోయాను. సభ్యుల్లో ఒకరు రాలేని ఊరికి మిగతావాళ్ళు వెళ్ళడానికి ఇష్టపడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

నా తప్పూ ఉంది. స్థానికంగా ఒక్క ఆచార్యుణ్ణి కూడా ముందుగా కలుపుకోలేదు. బర్మింగ్‌హామ్‌లో కూర్చుని, హైదరాబాద్ తరఫున నేనే మాట్లాడగలననుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాట గుర్తు రాలేదు.

ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించారు. బిచ్చమెత్తే వాళ్ళను పట్టుకుని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. చుట్టం వస్తున్నాడని ఇల్లు ఊడ్చుకుంటాం, తప్పులేదు. ఇంట్లో ముసలమ్మను దొడ్లో దాచిపెడతామా? అలాగే హెచ్‌ఐసీసీ ఉన్న ఎమ్మార్ ప్రాజెక్టు భూముల వ్యవహారం తర్వాత సీబీఐ దర్యాప్తు దాకా వెళ్ళింది. హాలు కావాలి, నిజమే. దాని లెక్కలు కూడా కావాలి.

అందుకని ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది మనకే. ఇక్కడున్న వాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు, అకౌంటెంట్లు ఉన్నారు. ప్రతి ఒక్కరూ ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యులే. మీ సంఘం వచ్చే సమావేశాల జాబితా తీసి, ఇంకా ఊరు తేలనిది ఏదో చూడండి. వెయ్యిమంది సభ అక్కర్లేదు, రెండు వందల మంది చాలు. ముందు అక్కడి కాలేజీలో ఒక ఆచార్యుడికి ఫోన్ చేయండి, దరఖాస్తు సంగతి ఆ తర్వాత.

రెండోది, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మన వేదిక తరఫున ఒకే లేఖ. మద్దతు లేఖలకు రెండు వారాల గడువు పెట్టండి, బాధ్యుడైన ఒక అధికారి పేరు ప్రకటించండి అని. హైటెక్ సిటీలో మెట్రో దిగిన అతిథి హెచ్‌ఐసీసీకి ఆటో కోసం వెతుక్కోకుండా, సభల రోజుల్లో బస్సులు నడపమని కూడా అందులో రాద్దాం. వీసా అనుమతుల గడువు గురించి ఢిల్లీకి వేరే లేఖ.

మూడోది, ఆ లేఖల్లోనే ఒక షరతు. అతిథుల పేరు చెప్పి పేదవాళ్ళను, తోపుడు బళ్ళను తొలగించే సభకు మన వేదిక మద్దతు ఇవ్వదని. మూడో ప్రతిపాదన తీసేస్తే మొదటి రెండూ నాకూ వద్దు.

మా సంఘం మళ్ళీ ఊరు వెతుకుతోంది. ఈసారి విశాఖ పేరు పెడుతున్నాను. అక్కడి ఆచార్యులొకరు ఇప్పటికే ఒప్పుకున్నారు. లాహోర్ మిత్రుడికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. ఆ జవాబు సంపాదించడానికి మీ సంతకాలు కావాలి. కాగితం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పులిహోరకు వెళ్ళే దారిలోనే.