సీసాలో శిశువు: కథ అడిగిన ప్రశ్న



"ఇది సాధ్యమా?" అని శాస్త్రజ్ఞుడు అడుగుతాడు. "సాధ్యమైతే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది?" అని సైన్స్ ఫిక్షన్ రచయిత అడుగుతాడు. మానవ పునరుత్పత్తి విషయంలో ఈ రెండో ప్రశ్న ఎంత విలువైనదో ఇవాళ పరిశీలిద్దాం.

1923లో జె.బి.ఎస్. హాల్డేన్ కేంబ్రిడ్జిలో ఒక ప్రసంగం చేశారు. తర్వాతి కాలంలో మన దేశానికి వచ్చి, భారత పౌరసత్వం తీసుకొని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త ఆయనే. ఆ ప్రసంగంలో 150 ఏళ్ళ తర్వాతి విద్యార్థి రాసిన వ్యాసాన్ని ఆయన ఊహించారు. దాని ప్రకారం, పూర్తిగా తల్లి గర్భం వెలుపలే పెరిగిన మొదటి శిశువు 1951లో పుడుతుంది. ఈ పద్ధతికి హాల్డేన్ ‘ఎక్టోజెనెసిస్’ అని పేరు పెట్టారు. ఎంపిక చేసిన కొద్దిమంది సంతానంతో మానవజాతి మెరుగవుతుందని ఆశించారు.

ఆ ఎంపిక ఎవరు చేస్తారు? 1932లో వచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో ఆల్డస్ హక్స్‌లీ దీనికి భయం కలిగించే జవాబు చూపారు. అక్కడ పిల్లలు సీసాల్లో తయారవుతారు. ఒక్క అండం నుంచి 96 మంది వరకు కవలలు పుడతారు. కూలి పనులకు కేటాయించిన పిండాలకు ప్రాణవాయువు తగ్గిస్తారు, తెలివి ఎదగకూడదని. ఎంపిక అంతా ప్రభుత్వానిదే.

ఇక వాస్తవానికి వద్దాం. 1978 జులైలో ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో మన దేశంలోనూ పుట్టింది. పేరు టెస్ట్‌ట్యూబ్ అయినా, ప్రయోగశాలలో పిండం ఉండేది కొద్ది రోజులే. తర్వాత పెరిగేది గర్భంలోనే. 2017లో ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞులు నెలలు నిండని గొర్రెపిల్లలను ద్రవం నింపిన సంచిలో నాలుగు వారాల వరకు పెంచారు. తొమ్మిది నెలలూ మనిషిని బయట పెంచడం ఇంకా కథే.

కానీ హక్స్‌లీ ప్రశ్న మాత్రం సీసాల కోసం ఆగలేదు. గర్భస్థ శిశువు ఆరోగ్యం తెలుసుకోవడానికి వచ్చిన పరీక్షలు మన దేశంలో ఆడపిల్లను వదిలించుకునే సాధనాలయ్యాయి. అందుకే 1994లో లింగనిర్ధారణను నిషేధించే చట్టం చేసి, 2003లో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. ఇక్కడ ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు. కుటుంబాలే ఎంపిక చేశాయి.

కాబట్టి ఇలాంటి కథ చదివినప్పుడు యంత్రం దగ్గరే ఆగిపోకండి. ఎంచుకునేది ఎవరు, ఆ ఎంపికలో పుట్టకుండా పోయేది ఎవరు అని కూడా అడగండి. రేపు ఆ నిర్ణయాలు తీసుకోవలసినవారు మీరే.