సెల్వర్తీ పల్లె

ఇంగ్లండులో సోమర్సెట్ ప్రాంతమున, ఎక్స్‌మూర్ కొండల చేరువను సెల్వర్తీ అను చిన్న పల్లె యున్నది. అచట పచ్చికబయలు చుట్టును గడ్డికప్పుల కుటీరములు, మీగడవన్నె గోడలు. తన ఎస్టేటులో పాటుపడి వృద్ధులైన వారికై 1828లో థామస్ ఆక్లాండ్ అను భూస్వామి వీనిని కట్టించెను. 1944లో ఆ వంశమువాడే యైన రిచర్డ్ ఆక్లాండ్ ఎస్టేటును నేషనల్ ట్రస్టున కప్పగించెను.

వసంతమున ఆ దేశపు వనములలో నీలిగంటల పూలు, చెట్లు ఆకు తొడిగి నీడ కమ్మకమునుపే విరియును. వానికి ఎండ దక్కునది ఆ కొలది దినములే.

వేటకు బలియై ఇంగ్లండున శతాబ్దుల క్రిందటనే రూపుమాసిన బీవరులను 2020లో ఈ ఎస్టేటు వాగున విడిచిరి. మరుసటి యేడే పిల్ల పుట్టినది.

పూవు తన వేళను తానే యెరుగును. పాతయిండ్లు నిలుచుటకు, పోయిన జంతువు మరలివచ్చుటకు మానవుని పూనిక కావలెను. ఆ పల్లెను మేము మీకు జ్ఞప్తి చేయుట అందులకే.