అరుగుమీది గ్రంథాలయము



గ్రంథాలయమనగానే పెద్దలకు 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు నెలకొల్పిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము జ్ఞప్తికి వచ్చును. 1935లో కొల్లిపర నుండి పెదవడ్లపూడి వరకు కాలువమీద పుస్తకములతో సాగిన పడవయు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది అంత గొప్పది కాదు. పిల్లలు ఇంటిలో ఆటగా పెట్టుకొను గ్రంథాలయమును గూర్చి నాలుగు మాటలు.

చిరకాలము నేను పుస్తకములను భోషాణములో నుంచి తాళము వేసితిని. పిల్లలు చింపుదురని భయము. చెదలకు తాళముతో పనిలేదు గదా! ఒకనాడు తీసి చూడగా అమరకోశమునకు అట్టలు మాత్రమే మిగిలియుండెను. మిగిలినవానిని మనుమరాలి చేతికిచ్చితిని.

ఆ వేసవిలో ఆమె అరుగుమీద ఇటుకలు పేర్చి, వానిపై బల్ల పరచి, ఇరువది పుస్తకములను నిలిపెను. అందు పెద్దబాలశిక్ష కలదు, పాత చందమామలు కలవు, పంచాంగమును కలదు. పాత శుభలేఖలను కత్తిరించి వెనుకవైపున పుస్తకపు సంఖ్య, పేరు, తీసికొన్నవారి పేరు, తేది వ్రాసెను. బెండకాయను అడ్డముగా కోసి సిరాలో ముంచిన అదియే ముద్ర. గడువు ఒక వారము. దాటినచో దినమునకొక చింతగింజ అపరాధ రుసుము. పెద్దలును చీటీ వ్రాసియే తీసికొనవలెను. మా గృహిణి పంచాంగమునకు గడువు పెంచుమని ఎంత బ్రతిమాలినను సాగలేదు.

పొరుగింటి బాలుడొకడు, రెండవ తరగతివాడు, దినమునకొక పుస్తకము గొనిపోయి మరునాడే తెచ్చి ఇచ్చుచుండెను. బహుకాలము బెత్తము పట్టిన చేయి ఊరకుండునా? "పుస్తకము తిరిగి ఇచ్చువారు అందలి కథ చెప్పవలెను" అని నియమమొకటి వ్రాయించితిని. మరునాడు ఆ బాలుడు పుస్తకమును గడపవద్ద నుంచి పోయెను. పిదప నాలుగు దినములు రాలేదు.

"తాతయ్యా, వాడికింకా కూడబలుక్కోవడం రాదు. బొమ్మలు చూసుకోడానికి పట్టుకెళ్తున్నాడు. నువ్వు కథ చెప్పమంటే సిగ్గుపడ్డాడు" అని మనుమరాలు చెప్పెను.

ఆమె కనిపెట్టినది నేను కనిపెట్టలేకపోతిని. బడిలో ఇట్టివారెందరు నా యెదుట తలవంచుకొని నిలిచిరో యని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మనుమరాలు నా నియమమును కొట్టివేసెను. ఆ బాలుని ఇంటికి పోయి, చదువ రమ్మని కాక, ముద్ర వేయువాడు కావలెనని పిలిచి తెచ్చెను. ముద్ర వేయువానికి పుస్తకముమీది సంఖ్యయు చీటీమీది సంఖ్యయు సరిచూచుట తప్పదు. సంఖ్యలు వచ్చిన పిదప పేర్లు సరిచూడసాగెను. దీపాలవేళ ఆమె పంక్తి క్రింద వ్రేలుంచి బిగ్గరగా చదువుచుండగా వాడు ప్రక్కన కూర్చుండి చూచుచుండెను. నేను మాత్రము నోరు మెదపలేదు. అది నాకు సులభమైన పని కాదు. పుస్తకములు రెండు చినిగినవి, నిజమే. గంజి పూసి అతికితిమి.

పోయిన మాసమున నేను విరాటపర్వమును తీసికొని గడువు మరచితిని. ఆ బాలుడు చీటీతో నా పడకకుర్చీ కడకు వచ్చి, అక్షరమక్షరముగా నా పేరు కూడబలికి, పిదప తేదీ చూచి వ్రేళ్లు మడచి లెక్కించి, "ఆరు చింతగింజలు" అనెను.